ఆరువందల డాలర్లు అడగడం ఎలా? అమెరికా పబ్లిక్ స్కూల్ టీచర్లకు క్లాస్‌రూమ్ గ్రాంట్ మార్గదర్శి

అమెరికాలో టీచరుగా చేరిన మొదటి ఆగస్టులో నా క్లాసు సర్దుకోవడానికి సొంత డబ్బు నాలుగొందల డాలర్ల పైనే ఖర్చు పెట్టాను. పక్క గది టీచరూ పెట్టింది. కానీ అక్టోబరులో ఆవిడ ఒక దరఖాస్తు రాసింది, మార్చి నాటికి ఆ గదిలో రోబోటిక్స్ కిట్లు వచ్చి కూర్చున్నాయి. అలాంటి దరఖాస్తు ఒకటి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. తెలిశాక కూడా ఇంకో ఏడాది రాయలేదు. మొహమాటం. చెయ్యి చాచినట్టు ఉంటుందేమో అనిపించింది.

ఇండియాలో టీచరుగా పనిచేసి వచ్చినవాళ్లకి ఈ మొహమాటం ఎక్కువే. మన ప్రభుత్వ బడుల్లో గ్రాంట్ అంటే పైనుంచి పడేది. సమగ్ర శిక్ష కింద కాంపోజిట్ స్కూల్ గ్రాంట్ పిల్లల సంఖ్యను బట్టి వస్తుంది. ఫలానా క్లాసుకు ఫలానా ఆలోచన ఉందని ఒక టీచరు రాసి తెచ్చుకునేది కాదు. ఇక్కడ పద్ధతి తిరగబడింది. డబ్బు ముందే పోగై ఉంటుంది. దానికి తగిన ఆలోచన కోసం వాళ్లే వెతుకుతుంటారు.

నేను పాఠాలు చెప్పేది టెక్సస్‌లో ఒక డిస్ట్రిక్టులో (ఇక్కడ డిస్ట్రిక్టు అంటే జిల్లా కాదు, పబ్లిక్ స్కూళ్లని పిలిచే ప్రభుత్వ బడుల్ని నడిపే స్థానిక సంస్థ). ఉండే ఇల్లు పక్క డిస్ట్రిక్టులో. ఆ పక్క డిస్ట్రిక్టులో టీచర్లకు గ్రాంట్లిచ్చే ఫౌండేషన్‌కి మూడు సీజన్ల పాటు దరఖాస్తులు చదివి మార్కులు వేసే వాలంటీరుగా కూర్చున్నాను. అడిగేవైపు, ఇచ్చేవైపు రెండూ చూశాక తెలిసింది రాస్తున్నాను. టెక్సస్ కాక వేరే రాష్ట్రమైనా పెద్ద తేడా ఉండదు. తేదీలు, ఫారాల పేర్లు మారతాయంతే.

ముందు, ఈ డబ్బు ఎవరిదో తెలుసుకోండి

పబ్లిక్ స్కూలుకి డబ్బు ప్రధానంగా స్థానిక ఆస్తి పన్ను, రాష్ట్ర నిధుల నుంచి వస్తుంది. ఫెడరల్ వాటా సుమారు పదో వంతే. ఆ డబ్బంతా జీతాలకు, బస్సులకు, కరెంటుకు పోతుంది. ఒక టీచరుకి కొత్త ఆలోచన వస్తే దానికంటూ పద్దు ఉండదు.

ఆ ఖాళీలోకి వచ్చినవే ఎడ్యుకేషన్ ఫౌండేషన్లు. ఇవి డిస్ట్రిక్టులో భాగం కాదు, పక్కనే విడిగా నమోదైన లాభాపేక్ష లేని సంస్థలు. పన్ను చట్టంలో 501(సి)(3) కిందికి వస్తాయి కాబట్టి ఇచ్చేవాళ్లకి పన్ను మినహాయింపు ఉంటుంది. 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రపొజిషన్ 13తో ఆస్తి పన్నుకు కళ్లెం వేశాక అక్కడ ఇలాంటివి పుట్టుకొచ్చాయి. టెక్సస్‌లో ఇంకో మెలిక ఉంది. 1993 నుంచి, ఆస్తి విలువలు ఎక్కువున్న డిస్ట్రిక్టులు తమ పన్నులో కొంత రాష్ట్రానికి తిరిగి కట్టాలి. జనం దీన్ని రాబిన్ హుడ్ పథకం అంటారు. ఫౌండేషన్‌కి వచ్చిన విరాళం పన్ను కాదు గనక ఆ లెక్కలోకి రాదు, ఊళ్లోనే ఉంటుంది. పెద్ద పెద్ద ఇళ్లున్న డిస్ట్రిక్టుల్లో కూడా ఫౌండేషన్ విందు పెట్టి మరీ చందాలు వసూలు చేయడానికి ఇదొక కారణం.

ఇదంతా ఎందుకంటే, మీ దరఖాస్తు ఎవరు చదువుతారో ఇక్కడే తేలిపోతుంది. స్థానిక బ్యాంకు మేనేజరు, పళ్ల డాక్టరు, ఇళ్లు అమ్మిపెట్టే ఆవిడ, రిటైరైన ప్రిన్సిపాల్, ఒకరిద్దరు తల్లిదండ్రులు. టీచర్లు తక్కువ. వాళ్లంతా పగలు సొంత పని చూసుకుని, రాత్రి భోజనం చేశాక ఇరవై ముప్ఫై దరఖాస్తులు వరసగా చదువుతారు. చాలాచోట్ల టీచరు పేరు, స్కూలు పేరు తీసేసే ఇస్తారు. కాబట్టి మీకున్న మంచిపేరు అక్కడ పనిచేయదు. కాగితమే మాట్లాడాలి.

మొదటి మెట్టు: వస్తువు కాదు, పిల్లలు తడబడే చోటు

చాలామంది కేటలాగు చూసి మొదలుపెడతారు. త్రీడీ ప్రింటరు బాగుంది, అడుగుదాం అని. నేను చదివిన దరఖాస్తుల్లో సగానికి పైగా ఈ తరహావే. మార్కులు తక్కువ వచ్చేవీ ఇవే.

నిరుడు మీ పిల్లలు ఎక్కడ తడబడ్డారో అక్కడ మొదలుపెట్టండి. ఉదాహరణకి, టెక్సస్‌లో ఐదో తరగతి సైన్సులో కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందని, వస్తువును తాకినప్పుడు ఏమవుతుందో చెప్పమని ఉంది. రాష్ట్ర పరీక్ష అయిన స్టార్‌లో ఐదో తరగతికి సైన్సు పేపరు ఉంటుంది. పిల్లలు నిర్వచనం అప్పజెబుతారు. తెర మీద నీడ ఎందుకు పెద్దదైందో గీసి చూపమంటే మాత్రం బిక్కమొహం వేస్తారు.

దీనికి మన దగ్గర ఒక పాత విద్య ఉంది, తోలుబొమ్మలాట. నిమ్మలకుంట కళాకారులు మేక తోలును పల్చగా చేసి రంగులద్దుతారు. ఆ తోలు కాంతిని కొంత లోపలికి రానిస్తుంది కాబట్టి తెర మీద నల్లటి నీడ కాక రంగుల బొమ్మ కనిపిస్తుంది. నల్ల అట్టతో చేసిన బొమ్మ పక్కన దీన్ని ఆడిస్తే, ఏ పదార్థం కాంతిని ఆపుతుందో, ఏది కొంత పోనిస్తుందో పదేళ్ల పిల్లకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. దీపాన్ని ముందుకీ వెనక్కీ జరిపితే నీడ పెరగడం, తగ్గడం టేపు పెట్టి కొలవొచ్చు. తెర, దీపాలు, రంగు కాగితాలు చాలు. తోలు అక్కర్లేదు, పల్చటి ప్లాస్టిక్ రేకు సరిపోతుంది.

ఈ ఆలోచనను చివరిదాకా ఉదాహరణగా పట్టుకెళ్దాం. "సృజనాత్మకం" అనే మాట ఫారంలో నాలుగుసార్లు కనిపిస్తుంది. అంటే ఖరీదైన యంత్రం అని కాదు, డిస్ట్రిక్టు మామూలుగా కొనివ్వనిది, మీ క్లాసుకే తట్టినది అని అర్థం.

రెండో మెట్టు: రాయకముందే అనుమతులు

నా మొదటి దరఖాస్తు ఇక్కడే బోల్తా పడింది. పది ట్యాబ్లెట్లు అడిగాను. రాత బాగానే వచ్చిందని మురిసిపోయాను కూడా. ఆ మోడల్‌ని మా డిస్ట్రిక్టు టెక్నాలజీ విభాగం నెట్‌వర్కులోకి రానివ్వదని నాకు తెలియదు. అడగాలనీ తెలియదు. మార్కులు వేసే పాఠకుల దాకా వెళ్లకుండానే పక్కన పడేశారు.

కాబట్టి ఆగస్టు, సెప్టెంబరుల్లోనే ఈ పనులు చూసుకోండి. ప్రిన్సిపాల్‌తో పది నిమిషాలు మాట్లాడండి. సంతకం ఎలాగూ ఆయనదో ఆవిడదో కావాలి, గడువు రోజు సాయంత్రం నాలుగింటికి వెళ్లి నిలబడితే బాగుండదు. ప్లగ్గు పెట్టేది, వైఫై అడిగేది, లాగిన్ ఉండేది ఏదైనా సరే టెక్నాలజీ వాళ్లకి ఈమెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. పదమూడేళ్లలోపు పిల్లల వివరాలు తీసుకునే ఆప్‌లకు 1998 నాటి కొప్పా చట్టం అడ్డు వస్తుంది. డిస్ట్రిక్టు ముందే ఆమోదించిన ఆప్‌ల జాబితా ఉంటుంది, అందులో ఉన్నవే రాయడం సుఖం. గోడకు మేకు కొట్టాలన్నా, పెరట్లో మడి తవ్వాలన్నా, కోడిగుడ్లు పొదిగించాలన్నా భవనాల విభాగం మాట చెల్లుతుంది. గుడ్లు పిల్లలవడానికి 21 రోజులు పడుతుంది, ఆ మధ్యలో సెలవులొస్తే ఇంక్యుబేటర్ ఎవరు చూస్తారని తప్పకుండా అడుగుతారు.

సాధారణంగా ఇవ్వనివేమిటో కూడా చూసుకోండి. జీతాలు, తిండి, బహుమతులు, బల్లలు కుర్చీలు, బస్సు ఖర్చులు చాలా ఫౌండేషన్ల నిషేధ జాబితాలో ఉంటాయి. ఏటా కట్టాల్సిన సబ్‌స్క్రిప్షన్లకి కూడా మొహం చిట్లిస్తారు. రెండో ఏడాది ఎవరు కడతారన్నది వాళ్ల అనుమానం, అది న్యాయమైనదే.

మూడో మెట్టు: మార్కుల పట్టికను పక్కన పెట్టుకుని రాయడం

చాలా ఫౌండేషన్లు రూబ్రిక్ అనే మార్కుల పట్టికను ముందే వెబ్‌సైట్‌లో పెడతాయి. పరీక్షకు ముందే ప్రశ్నపత్రం ఇచ్చినట్టు. అయినా దాన్ని తెరవకుండా రాసేవాళ్లే ఎక్కువ. అవసరం, ప్రాజెక్టు వివరణ, పాఠ్య ప్రమాణాలతో ముడి, ఎంతమంది పిల్లలు, ఫలితం ఎలా కొలుస్తారు, బడ్జెట్ అని ఉంటాయి. ఫారంలో ప్రశ్నలు కూడా ఇంచుమించు అదే వరసలో వస్తాయి. ఏ ప్రశ్నకి జవాబు ఆ పెట్టెలోనే రాయండి. "పైన చెప్పినట్టు" అని వదిలేస్తే ఆ పెట్టెకి సున్నా పడుతుంది, నేనే వేశాను.

ప్రమాణాల విషయంలో టెక్సస్‌లో టీక్స్ అనే రాష్ట్ర పాఠ్య ప్రమాణాల సంఖ్య రాయాలి, వేరే రాష్ట్రాల్లో వాళ్ల వాళ్లవి. ఒకటో రెండో చాలు. పదకొండు సంఖ్యలు వరసగా పేరిస్తే పళ్ల డాక్టరుకి అవి పూజారి చదివే మంత్రాల్లా ఉంటాయి.

నాలుగో మెట్టు: రాత

దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, గెలుపోటములు ఇక్కడే కాబట్టి.

మనవాళ్ల దరఖాస్తుల్ని నేను మొదటి పేరాలోనే గుర్తుపట్టేదాన్ని, పేరు తీసేసినా సరే. "సవినయంగా విన్నవించుకొనునది" అనే ధోరణి ఇంగ్లీషులోకి దిగిపోయి ఉంటుంది. ఇరవై ఒకటో శతాబ్దపు నైపుణ్యాలు, ప్రపంచీకరణ, దేశ భవిష్యత్తు అన్నీ తిరిగి వచ్చి నాలుగో పేరాలో పిల్లలు కనిపిస్తారు. ఇచ్చేవాళ్లని పొగడాల్సిన పని లేదు, మిమ్మల్ని మీరు తగ్గించుకోవాల్సిన పని అంతకన్నా లేదు.

ఫారం ఇంగ్లీషులోనే నింపుతాం గానీ, తేడా తెలియడానికి తెలుగులో చూపిస్తాను. మొదటి చిత్తుప్రతి ఇలా ఉంటుంది:

"కాంతి ధర్మాలను వినూత్న పద్ధతిలో బోధించి విద్యార్థుల్లో శాస్త్రీయ దృక్పథాన్ని, సృజనాత్మకతను పెంపొందించడం ఈ ప్రాజెక్టు లక్ష్యం."

ఇందులో తప్పు లేదు. కానీ కళ్లు మూసుకుంటే ఏమీ కనిపించదు. తిరగరాస్తే:

"నలుగురేసి పిల్లలు ఒక తెర దగ్గర కూర్చుంటారు. నల్ల అట్టతో ఒక బొమ్మ, రంగు రేకుతో ఒక బొమ్మ కత్తిరించి కీళ్లు పెడతారు. దీపాన్ని తెర నుంచి 30, 60, 90 సెంటీమీటర్ల దూరంలో పెట్టి నీడ ఎత్తు కొలిచి పట్టిక వేస్తారు. మూడో వారం తమ కొలతల్ని వాడి, నీడ ఎక్కడ పెద్దదవ్వాలో ముందే లెక్కగట్టి, మూడు నిమిషాల కథ ఒకటి రెండో తరగతి పిల్లలకి ఆడి చూపిస్తారు."

ఇప్పుడు బ్యాంకు మేనేజరుకి గది కనిపించింది. మార్కులు వేసే బల్ల దగ్గర మేం ఒకరినొకరు అడుగుకునే ప్రశ్న ఒక్కటే ఉండేది, "సరే, ఇవి వచ్చాక పిల్లలు ఏం చేస్తారు?" దానికి జవాబు మొదటి అయిదు వరసల్లో దొరికితే ఆ కాగితం పైకి వెళ్లేది.

అవసరం గురించి రాసేటప్పుడు జాలి పుట్టించకండి. "పేద పిల్లలు, పాపం" అన్న రాత ఇక్కడ చదివేవాళ్లకి ఇబ్బందిగా ఉంటుంది, ఆ పిల్లల తల్లిదండ్రులు చదివితే ఇంకా ఇబ్బంది. అంకె చెప్పండి. మధ్యాహ్న భోజనం ఉచితంగా, తగ్గింపు ధరకు పొందేవాళ్లు స్కూల్లో ఎంత శాతమో, నిరుటి యూనిట్ పరీక్షలో ఆ రెండు ప్రశ్నలు ఎంతమంది తప్పారో రాస్తే చాలు. పిల్లల పేర్లు, గుర్తుపట్టే వివరాలు మాత్రం వద్దు. విద్యార్థుల రికార్డుల మీద 1974 నుంచి ఫెర్పా చట్టం ఉంది.

రాశాక టీచరు కానివాళ్లకి ఇచ్చి చదివించండి. మా ఆయన ఐటీ మనిషి. ఆయన ఎక్కడ ఆగి "అంటే?" అన్నారో అక్కడ తిరగరాశాను.

ఐదో మెట్టు: బడ్జెట్

రాతకి వారం పెట్టి బడ్జెట్‌కి పావుగంట పెడతారు. మార్కులు వేసేటప్పుడు మాత్రం నేను మొదట తిప్పేది ఆ పేజీకే. లెక్క చూస్తే ఆలోచన ఎంత తేటగా ఉందో తెలిసిపోతుంది.

మన తోలుబొమ్మల ప్రాజెక్టుకి నాలుగు సెక్షన్లు, 92 మంది పిల్లలు అనుకుందాం. ధరలు ఉదాహరణకే: చట్రంతో తెరలు 6, ఒక్కోటి 38 డాలర్లు, మొత్తం 228. ఎల్ఈడీ దీపాలు 12, తొమ్మిదేసి డాలర్లు, 108. రంగు రేకుల ప్యాకెట్లు 5, పద్నాలుగేసి, 70. నల్ల అట్టలు 4 ప్యాకెట్లు, పన్నెండేసి, 48. పుల్లలు, కీళ్లకి గుచ్చే పిన్నులు కలిపి 36. కాంతిని కొలిచే మీటర్లు 3, పాతికేసి, 75. అంతా కలిపి 565. రవాణాకి 45 వేస్తే 610 డాలర్లు.

ఆ 45 దగ్గర ఒక్క క్షణం ఆగండి. రవాణా ఖర్చు మరిచిపోయినవాళ్లని ఎంతమందినో చూశాను. డబ్బు మంజూరయ్యాక ఆ తేడా జేబులోంచి పోతుంది. టెక్సస్‌లోనైతే అమ్మకపు పన్ను మాత్రం వేయకండి, స్కూలు కొనుగోళ్లకి పన్ను మినహాయింపు ఉంటుంది, వేస్తే కొత్తవాళ్లని తెలిసిపోతుంది. అన్ని రాష్ట్రాల్లో ఇలా ఉండదు, మీ ఆఫీసులో అడగండి. ధరలు డిస్ట్రిక్టు ఆమోదించిన అమ్మకందారుల దగ్గరివే తీసుకుని కొటేషన్ జత చేయండి. వేరే సైటులో పది డాలర్లు తక్కువకి దొరికినా అక్కడ కొననివ్వకపోవచ్చు.

610ని 92తో భాగిస్తే తలకి ఏడు డాలర్ల లోపు. ఈ అంకెను రాయండి. తెరలు, దీపాలు, మీటర్లు కలిపి 411 డాలర్ల సామాను వచ్చే ఏడాది కూడా పనికొస్తుందని, ఏటా మళ్లీ కొనాల్సింది 154 డాలర్ల సరుకేనని, దాన్ని స్కూలు సరఫరాల పద్దులోంచి ఇవ్వడానికి ప్రిన్సిపాల్ ఒప్పుకున్నారని ఒక వాక్యం వేస్తే "రెండో ఏడాది ఏమిటి?" అన్న ప్రశ్నకి తలుపు మూసినట్టే.

గరిష్ఠ పరిమితి రెండువేలు ఉంది కదా అని రెండువేలకి లాగకండి. సీజన్ చివర్లో మిగిలిన డబ్బులో పట్టేవి చిన్న దరఖాస్తులే. ఆ సమయంలో 610 అడిగినవాళ్లు అదృష్టవంతులు.

ఆరో మెట్టు: ఫలితం కొలవడం

ఇది క్లుప్తంగా ఉంటే చాలు. ముందు అయిదు ప్రశ్నలు, తర్వాత అవే అయిదు ప్రశ్నలు. "పిల్లల ఆసక్తి పెరుగుతుంది" అన్నది కొలత కాదు. "నీడ ఎందుకు పెరిగిందో బాణం గుర్తులతో గీసి చూపగలిగేవాళ్లు 92లో కనీసం 70 మంది" అన్నది కొలత. 92కి 92 మందీ అని రాయకండి, ఎవరూ నమ్మరు.

మంజూరయ్యాక

చాలా ఫౌండేషన్లు ఈ వార్తను ఈమెయిల్లో చెప్పవు. ప్రైజ్ పట్రోల్ (బహుమతి బృందం) అని బెలూన్లు, తలుపంత చెక్కు, కెమెరా పట్టుకుని ఒక గుంపు నేరుగా క్లాసులోకి వచ్చేస్తుంది. నాకు వచ్చిన రోజు పిల్లలు స్పెల్లింగ్ పరీక్ష మధ్యలో ఉన్నారు. ఆ పరీక్ష మళ్లీ పెట్టాల్సి వచ్చింది.

ఆ పెద్ద చెక్కు ఫొటోకే. అసలు డబ్బు సాధారణంగా స్కూలు ఖాతాకి వెళ్తుంది, మీ చేతికి రాదు. మీ పన్ను రిటర్నులో చూపాల్సిన ఆదాయం అవుతుందేమో అన్న టెన్షన్ అక్కర్లేదు. కొనడం కూడా మీరు కాదు. ఆఫీసులో లెక్కలు చూసే బుక్‌కీపర్ రిక్వజిషన్ (కొనమని అభ్యర్థన) పెడితే, డిస్ట్రిక్టు పర్చేజ్ ఆర్డర్ ఇస్తుంది, ఆ తర్వాతే సామాను కదులుతుంది. తొందరపడి సొంత కార్డుతో కొనేసి బిల్లు పెడదామనుకుంటే ఆ డబ్బు తిరిగి రాకపోవచ్చు. బుక్‌కీపర్‌తో స్నేహంగా ఉండండి. ఇది సలహా కాదు, అనుభవం. వసంతకాలంలో కొనుగోళ్లు ఆపేసే తేదీ ఒకటి ఉంటుంది. అది దాటితే మంజూరైన డబ్బు కూడా వెనక్కి పోతుంది.

వచ్చిన సామాను డిస్ట్రిక్టుది. మీరు స్కూలు మారితే తీసుకెళ్లొచ్చా లేదా అన్నది ముందే అడిగి పెట్టుకోండి.

మే నెలలో నివేదిక అడుగుతారు. ఫొటో అనుమతి కాగితం లేని పిల్లల మొహాలు కనిపించకుండా ఫొటోలు తీయండి. చేతులు, బొమ్మలు, నీడలు చాలు. నివేదిక ఎగ్గొట్టినవాళ్ల దరఖాస్తును మరుసటి ఏడాది తీసుకోని ఫౌండేషన్లు ఉన్నాయి.

ఫౌండేషన్ కాకుండా

మీ డిస్ట్రిక్టులో ఫౌండేషన్ లేకపోతే, లేదా కొత్త టీచరుగా చిన్నగా మొదలుపెట్టాలనుకుంటే డోనర్స్‌చూజ్ అనే వెబ్‌సైట్ ఉంది. బ్రాంక్స్‌లో పబ్లిక్ హైస్కూల్ టీచరుగా ఉన్న చార్లెస్ బెస్ట్ 2000లో మొదలుపెట్టారు. మీకు కావాల్సిన వస్తువుల జాబితా పెడితే జనం తలా కొంత ఇస్తారు, మొత్తం పోగయ్యాక వాళ్లే కొని స్కూలుకి పంపుతారు. తర్వాత ఫొటోలు, కృతజ్ఞతా ఉత్తరం మీరు పంపాలి. కొన్ని డిస్ట్రిక్టుల్లో ఇలా బయట చందాలు అడగడానికి నియమాలున్నాయి, చూసుకుని పెట్టండి. ఎన్ఈఏ అనే జాతీయ టీచర్ల సంఘంలో సభ్యులైతే ఎన్ఈఏ ఫౌండేషన్ గ్రాంట్లకు రాయొచ్చు. స్కూలు పీటీఏ (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) దగ్గర వందా రెండొందలు దొరకడం అన్నిటికన్నా తేలిక, మన వాళ్లు అడగరంతే.

ఇవేవీ కుదరక సొంత డబ్బే పెట్టారా, రసీదులు పారేయకండి. ఏడాదికి కనీసం 900 గంటలు స్కూల్లో పనిచేసే టీచర్లు ఒక పరిమితి దాకా ఆదాయంలోంచి తగ్గించి చూపుకోవచ్చు. 2022 నుంచి 2025 పన్ను సంవత్సరం దాకా ఆ పరిమితి 300 డాలర్లు. నా మొదటి ఏడాది రసీదుల్లో ఒక్కటీ దాచలేదు.

తల్లిదండ్రులుగా చదువుతున్నవాళ్లకి ఒక మాట. మన తెలుగువాళ్లు ఎక్కువగా పనిచేసే పెద్ద కంపెనీల్లో చాలావాటికి, ఉద్యోగి ఇచ్చిన విరాళానికి సమానంగా కంపెనీ కూడా ఇచ్చే పథకం ఉంటుంది. మీరు ఫౌండేషన్‌కి వంద ఇచ్చి కంపెనీ పోర్టల్లో ఐదు నిమిషాలు ఖర్చు పెడితే రెండొందలవుతుంది. ఉత్తర టెక్సస్‌లో ఉంటే సెప్టెంబరులో వచ్చే నార్త్ టెక్సస్ గివింగ్ డే నాడు ఇవ్వండి, ఆ రోజు అదనంగా కలిపే దాతలు కూడా ఉంటారు. డబ్బు ఇవ్వలేకపోతే నాలాగా దరఖాస్తులు చదవడానికి పేరివ్వొచ్చు. పాఠకులు ఎప్పుడూ తక్కువే.

తిరస్కరిస్తే

మొదటిసారి రాకపోవడం మామూలే. నా ట్యాబ్లెట్ల కథ చెప్పాను కదా. వారం ఆగి, పాఠకుల వ్యాఖ్యలు పంపమని మర్యాదగా ఒక ఈమెయిల్ పెట్టండి. చాలామంది పంపుతారు. "బడ్జెట్ అర్థం కాలేదు" అని వస్తే ఆ పేజీ మార్చండి, ప్రాజెక్టు మార్చకండి. రాత మొత్తం పక్కన ఒక ఫైల్లో దాచుకుంటే, అదే ఆలోచన జనవరిలో పీటీఏకి, ఫిబ్రవరిలో డోనర్స్‌చూజ్‌కి, మళ్లీ అక్టోబరులో ఫౌండేషన్‌కి వెళ్తుంది. నాకు డబ్బొచ్చిన దరఖాస్తు ఆ ఫైల్లో నాలుగో వెర్షన్.